భూమికి రెండు చుక్కలు

దుర్గాపూర్ బొగ్గుగనిలో పనిచేసే ఓదెలు బారుకైతే నడిరోడ్డు మీద దర్జాగా వెళ్లేవాడు. తాగుడు మానేవాళ్ల మీటింగుకు మాత్రం మొహానికి రుమాలు కట్టుకుని, సందులన్నీ తిరిగి వచ్చి, తలుపు పక్క కుర్చీ అంచున కూర్చున్నాడు. "నాకేం గంత అలవాటు లేదు. మా ఇంటామె లొల్లి పడలేక అచ్చిన" అన్నాడు. అక్కడి పెద్దమనిషి రాబిన్సన్ చాయ్ గ్లాసు అందించాడు. ఓదెలు రుమాలు గడ్డం కిందికి దించాడు. మందు గుటకేసే ముందు వేలు ముంచి భూమికి రెండు చుక్కలు చిలకరించడం అతని పాత అలవాటు. ఆ వేలు దానంతటదే పొగలు కక్కే చాయ్‌లోకి దిగింది. "అవ్వో!" అని అరిచాడు. గదంతా గొల్లుమని నవ్వింది. ఓదెలు రుమాలు ముక్కు మీదికి లాక్కుని లేచాడు.

"కూసో తమ్మీ" అన్నాడు రాబిన్సన్. "మొదటి దినం ఈడ మా అందరి వేళ్లు గిట్లనే కాలినయి."

ఓదెలు రుమాలు విప్పి, వేలికి చుట్టుకుని కూర్చున్నాడు.