మంద ఏ చేన్లో ఉందో చెప్పాం

తెలంగాణ వచ్చిన నాలుగో ఏడు. వానాకాలం వరి కోతలు అయిపోయి, నల్గొండ చుట్టూ పొలాలన్నీ కొయ్యకాళ్లతో మిగిలిన రోజులు. పొద్దున ఏడింటికి మా రేడియోలో ‘మందల ముచ్చట’ కార్యక్రమం మొదలైంది. మొదటి ఫోన్ ఒక ఆడమనిషిది.

“బిడ్డా, నేను ఎల్లమ్మను. గొర్ల బీరయ్య పెండ్లాన్ని. నిన్న నువ్వు రేడియోల చెప్పినవు గద, కాలువ కట్ట పక్క చెల్కల మంద ఉన్నదని. బువ్వ తీస్కొని గాడికే వచ్చిన. మంద లేదు బిడ్డా. మా ఆయన గూడ లేడు. కుక్కలు పండుకున్నయి పండుకున్నట్టే ఉన్నయి, లేపితే లేస్తలెవ్వు.”

మైకు ముందు కార్యక్రమం నడుపుతున్న స్వరూప స్టూడియో అద్దంలోంచి నా వైపు చూసింది. పెద్ద స్టేషన్లలో ‘డిలే’ అనే ఏర్పాటు ఉంటుంది. మాట్లాడిన మాట కొన్ని సెకన్లు ఆగి బయటికి పోతుంది, కూడనిది వస్తే మధ్యలో తుంచేయొచ్చు. మాకు అది కొనే స్తోమత లేదు. ఎల్లమ్మ మాటలు అప్పటికే ఊళ్లలో వినిపించేశాయి. పాట వేయమని సైగ చేసి నేను ఫోన్ అందుకున్నాను. “నిన్న నువ్వు రేడియోల చెప్పినవు గద” అన్న మాటే చెవిలో తిరుగుతోంది.

ఆ స్టేషన్‌కి నేను వెళ్లి అప్పటికి ఏడాదిన్నర. అంతకుముందు ఇరవై ఏళ్లు పేపర్లో విలేకరిని. బస్టాండు దగ్గర రెండు కిరాయి గదులు, ముగ్గురు మనుషులు, మాటల కార్యక్రమాలే నడిపే ఒక చిన్న రేడియో. మూతపడకుండా చూడమని నన్ను పెట్టుకున్నారు. చిన్న ఊరి రేడియోని ఎంతమంది వింటున్నారో చెప్పే లెక్క ఎక్కడా ఉండదు. ప్రకటన అడగబోతే దాణా దుకాణం సత్తయ్య నవ్వాడు.

“సారూ, మీ రేడియో మీరే ఇంటున్నరా, ఇంకెవలన్న ఇంటున్నరా?”

దారి దొరికింది కూడా ఆ దుకాణం ముందే, అంతకుముందు ఏడాది కోతలప్పుడు. నారాయణపేట వైపు నుంచి గొర్రెల మందలు కోతల తర్వాత ఇటు మేతకు వస్తాయి. రాత్రిపూట మందను చేన్లో పడుకోబెడితే పెంటికలు, మూత్రం భూమికి మంచి ఎరువు. అందుకని రైతులే పిలిచి మంద పెట్టించుకుంటారు. గొర్రెల కాపర్లకు బువ్వ పెడతారు, వడ్లో డబ్బో ఇస్తారు. ఆ రోజు ఒక రైతు, గొర్రెల కడుపులో పురుగులకు వేసే నట్టల మందు కోసం వచ్చే కాపర్లను పట్టుకుందామని సత్తయ్య అరుగు మీద పొద్దున్నుంచి కూర్చుని ఉన్నాడు. ఇద్దరినీ కలిపే పని రేడియో చేయలేదా అనిపించింది.

మందల ముచ్చట అలా పుట్టింది. కాపరి ఫోన్ చేసి మంద ఎక్కడుందో చెబుతాడు, రైతు ఫోన్ చేసి పిలుస్తాడు. స్వరూప నల్గొండ పిల్లే, ఇంట్లో మాట్లాడినట్టే మైకులో మాట్లాడుతుంది. “ఏందే మామా, నీ పొట్టేలు అరుపు నాకే ఇనపడుతున్నది, మైకు దానికే ఇయ్యరాదు!” అంటే ఊళ్లన్నీ నవ్వేవి. రెండు నెలల్లో ఫోన్లు పట్టలేని పరిస్థితి. స్పాట్, అంటే అర నిమిషం ప్రకటన, మొదట ఇచ్చింది సత్తయ్యే. వెనక మందుల దుకాణం, ట్రాక్టర్ల షోరూం వచ్చాయి.

రోజూ ఫోన్ చేసేవాళ్లలో యాదగిరి ఒకడు. నార్కట్‌పల్లి నుంచి అనేవాడు. వెనక లారీల హారన్లు వినిపించేవి. నెమ్మదైన గొంతు, మర్యాద. చిన్నప్పుడు గొర్లు కాసిన, మందల ముచ్చట ఇంటే పానం లేచొస్తది అనేవాడు. ఆయన ఫోన్ల రికార్డింగులు నాలుగైదు కలిపి ఒక ఫైలు చేసి, ‘మంచి శ్రోత’ అని పేరు పెట్టుకుని, ప్రకటనదారులకు వినిపించేవాణ్ని. ఒకరోజు ఆయనే సలహా ఇచ్చాడు.

“అక్కా, మంద కాడ ఎంతమంది ఉంటరో గూడ అడుగున్రి. బువ్వ పంపే రైతుకు ఎరుకైతది.”

ఎంత బాగా ఆలోచించాడో అనుకున్నాం. మర్నాటి నుంచి స్వరూప ప్రతి కాపరినీ ఆ ప్రశ్న అడిగింది. ఎల్లమ్మ ఫోన్‌కు ముందురోజు బీరయ్యనూ అడిగింది.

“నేనొక్కన్నే బిడ్డా. మా జతగాళ్లు ఊర్ల పెండ్లికి పోయిన్రు, ఎల్లుండొస్తరు. మా ఎల్లమ్మ రాత్రికి రైతు ఇంట్ల పంటది.”

“ఒక్కనివే అంటే భయం గాదా మామా?”

“భయమెందుకు, కుక్కలున్నయి గద!”

మంచి ముచ్చట అని నేనే స్వరూపను మెచ్చుకున్నాను.

ఆ పొద్దున ఎల్లమ్మతో మాట్లాడి, పోలీసులకు చెప్పి, బండి మీద కాలువ కట్టకు వెళ్లేసరికి మంచు ఇంకా విడలేదు. ఎల్లమ్మ ఒక్కో పొదా వెతుకుతూ పేరు పెట్టి పిలుస్తోంది. ఊరివాళ్లు వచ్చారు. కాలువ నీళ్లలోకి చూడడానికి ఎవరికీ ధైర్యం చాలడం లేదు. నాకు అసలే లేదు. ఆ మనిషి శవమై తేలితే ఎల్లమ్మ ముందు ఎలా నిలబడాలా అని తప్ప ఇంకో ఆలోచన రాలేదు. నన్ను చూసి ఆమె తిట్టలేదు. “సారూ, నువ్వు రేడియోల చెప్పు, ఎవలన్న చూస్తె చెప్తరు” అంది. అంత జరిగినా మమ్మల్ని నమ్ముతోంది. అది తిట్టు కన్నా భయపెట్టింది.

పది గంటలకు దూరంగా కంది చేన్లో బీరయ్య దొరికాడు. తన తలపాగతోనే చేతులు కట్టేసి ఉన్నాయి, నోట్లో గుడ్డ. బతికే ఉన్నాడు. నీళ్లు తాగించగానే ఎల్లమ్మ వైపు తిరిగి ఒకే మాట అడిగాడు: “జీవాలు?”

ఆ రోజు నుంచి యాదగిరి ఫోన్ రాలేదు, మంద కాడ ఎంతమందో అడగమన్నది ఆయనేనని నాకప్పుడు తట్టింది. వారం తర్వాత పోలీస్ స్టేషన్లో యాదగిరి ఫోన్లన్నీ బీరయ్యకు వినిపించాం. ప్రసారమైనదంతా దాచిపెట్టే కంప్యూటర్‌ను మేం ‘లాగర్’ అంటాం, అందులో ఉన్నాయి. బీరయ్య కళ్లు మూసుకుని రెండుసార్లు విన్నాడు.

“గీ గొంతేనా?” ఎస్సై అడిగాడు.

“ఎట్ల చెప్పాలె సారు? నలుగురొచ్చిన్రు. కుక్కలకు ఏం పెట్టిన్రో, అవి మొరగలే. నన్ను కట్టేసిన్రు, జీవాలను డీసీఎం లారీ ఎక్కిచ్చిన్రు. గంట పట్టింది. ఒక్కడన్న ఒక్క మాట మాట్లాడలే. అన్ని సైగలే.”

ఎస్సై రాయడం ఆపి నా వైపు చూశాడు. గొంతు గుర్తుపడతారని భయపడే దొంగ ఎలాంటివాడు? యాదగిరి గొంతు ఊళ్లన్నీ రోజూ రేడియోలో విన్నాయి.

పేపర్లో పని చేసినన్నాళ్లు నేను జరిగిపోయింది రాశాను. మర్నాడు చదివేవాడికి అది నిన్నటి సంగతి. రేడియోలో మాత్రం ఆ రాత్రి ఒక మనిషి ఒంటరిగా ఎక్కడ పడుకుంటాడో ముందే చెప్పేశాను. వినేవాళ్లు పెరగాలని కోరుకున్నానే గాని, వాళ్లలో ఎవరుంటారని నన్ను నేను ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు మంద ఉన్న జాగా, మనుషుల సంఖ్య గాలిలో చెప్పం. రైతు నంబరు కాపరికి విడిగా ఇస్తాం. కార్యక్రమం చప్పబడింది, ట్రాక్టర్లవాళ్లు ప్రకటన మానుకున్నారు. సత్తయ్య ఉన్నాడు. “నేను ఇంటున్న సారూ, ఒక్కన్నన్న ఉన్న” అంటాడు.

బీరయ్య జీవాల్లో ఒక్కటీ దొరకలేదు. ఇప్పుడు ఎవరి మందకో కూలికి పోతున్నాడు. యాదగిరి నంబరు ఫోనే లేని ఒక ముసలామె పేరు మీద ఉంది. ఆయన మళ్లీ ఒకే ఒక్కసారి చేశాడు, ఎండాకాలంలో, వేరే నంబరు నుంచి.

“అక్కా, జాగ చెప్తలేరేంది? మంచిగుండె గద.”

స్వరూప ఆ గొంతు గుర్తుపట్టి, నాకు సైగ చేసి అడిగింది.

“నువ్వు ఇయ్యాల యాడున్నవే అన్నా?”

అవతల లారీల హారన్లు. తర్వాత ఫోన్ పెట్టేసిన చప్పుడు. ఆ నంబరు కూడా రాసి ఎస్సైకి ఇచ్చాను. అది ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.