ఇరవై నల్లమేకల్లో ఆ మేక

నా చిన్నప్పుడు సత్యవేడు పక్కన మా పల్లెలో ఇంగ్లీషు బాగా వచ్చింది పక్కింటి అక్కకే. టీచరు చదువు చదువుతూ, సాయంత్రాలు నాకు పాఠం చెప్పేది. ‘ఎ’, ‘ద’ అనే రెండు చిన్న మాటలు నా ప్రాణం తీసేవి. ఏదో ఒకటైతే ‘ఎ’, మనకు తెలిసిన ఫలానాదైతే ‘ద’ అని అక్క ఎన్నిసార్లు చెప్పినా, ఖాళీల్లో నాకు తోచింది రాసేదాన్ని. “మేక మేకే కదక్కా, ముందర ఏది పెడితే ఏమి?” అనేదాన్ని.

ఒక ఆదివారం చేనిగట్టున మా నల్లమేకను మేపుతూ ఆ ఖాళీలే నింపుతున్నాను. తలెత్తేసరికి మేక లేదు. ఇంట్లో గంప కింద దాని పిల్ల ఉంది, పుట్టి నాలుగు రోజులు. మధ్యాహ్నానికి అరిచి అరిచి దాని గొంతు పోయింది. మా అమ్మ వేరేవాళ్ల మేక దగ్గర వదిలితే ఆ మేక తన్నింది. ఆవుపాలు సీసాతో పట్టిస్తే పిల్ల మూతి తిప్పుకుంది. “రేపటిదాకా తాగకుంటే ఇది దక్కదు” అని అమ్మ అనేసరికి నాకు కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధీ కాలేదు. నల్లమేకను చూశారా అని ఊరంతా తిరిగితే, ప్రతివాళ్లూ ఏదో ఒక నల్లమేకను చూపించారు.

పొద్దున మా చేని పక్కగా ఒక మేకలమంద పోయిందని అక్క కనుక్కుంది. మేకపిల్లను నా ఒళ్లో పెట్టి, సైకిలు వెనక కూర్చోబెట్టుకొని తొక్కింది. పిల్లనెందుకు తెచ్చామో చెప్పలేదు.

ఊతుకోట దారిలో మంద దొరికింది. “నల్లవే ఇరవై ఉండాయి పాపా. నీదేదో సెప్పి తోలుకొనిపో. పొద్దు గూకేలోపల మేము పోవాల” అన్నాడు మందాయన.

నాకన్నీ ఒక్కటిగానే కనిపించాయి. ఒకదాని చెవి పట్టుకున్నాను, వదిలేశాను. ఇంకోదాని దగ్గరికి పోయాను.

“ఏందిమే, వంకాయలు ఏరతా ఉండావా?” అని ఆయన నవ్వాడు.

“ఏదో ఒకదాన్ని తోలుకొని పోదామక్కా” అని గుసగుసగా అన్నాను.

“పోదాం సరే. దాని పాలు ఇది తాగతాదా? పిల్లను కింద వదులు.”

పిల్ల తూలుకుంటూ మందలోకి పోయింది. ఒక మేకను వాసన చూసి దాటింది. ఇంకొకటి దాన్ని కొమ్ముతో నెట్టింది. నేను ఉరకబోతే అక్క నా పావడా పట్టి ఆపింది. అంతలో అటు కొసనుంచి ఒక మేక అరుస్తూ, మిగతావాటిని తోసుకుంటూ వచ్చింది. పిల్ల దాని పొదుగు కిందికి దూరి తోక ఆడించింది.

“ఇంక నేను సెప్పేదేముండాది, తోలుకోండమ్మా” అన్నాడు ఆయన.

తిరుగుదారిలో అక్క సైకిలు నడిపిస్తూ ఒక్కమాటే అంది. “పొద్దున్నుంచీ నువ్వు ఎతికింది ఏదో ఒక నల్లమేకను మే. ఇది ఎతికింది వాళ్లమ్మను.”

నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ‘ఎ’, ‘ద’ల దగ్గర మనవరాలు సందేహం అడిగితే ఇప్పటికీ తడబడతాను. కానీ తిరుపతి బస్టాండులో ఎక్కడైనా పసిపిల్ల ఏడుపు వినిపిస్తే, ఎవరో ఒక పిల్ల లే అని కూర్చోలేను. ఆ పిల్ల వెతికే మనిషి కంటపడేదాకా నా కాళ్లు ఒకచోట నిలవవు.