దావీదు బ్రేకు, రెండు బెజ్జాలు

1962లో నేను నరసరావుపేటలో డ్రాఫ్ట్స్‌మన్‌గా సొంతంగా పని చేసుకుంటున్నాను. అంతకు ముందు నాలుగైదేళ్ళు మాచర్ల అవతల కృష్ణ మీద కడుతున్న డ్యాం పనుల్లో ట్రేసరుగా ఉన్నాను. ట్రేసరంటే ఇంజనీర్లు పెన్సిలుతో వేసిన డ్రాయింగు మీద పల్చటి గుడ్డ పరిచి, నల్ల సిరాతో మక్కీకి మక్కీ దింపేవాడు. ఆ ఉద్యోగం మానేసి పేటలో స్టేషను దగ్గర గది అద్దెకు తీసుకున్నాక ఇళ్ళ ప్లాన్లు, రైసు మిల్లుల ప్లాన్లు గీసేవాణ్ణి. చెయ్యి నీటుగా ఉంటుందని పేరు. ఆ పేరు చూసుకుని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఒక మధ్యాహ్నం మాచర్ల బండి దిగి భార్యాభర్తలిద్దరు నా గదికి వచ్చారు. ఊళ్ళో నాకు తెలిసిన వకీలు పంపించాడు. మగాయనకు నలభై అయిదేళ్ళుంటాయి. రెండు కళ్ళూ మూసుకుపోయి, చుట్టూ చర్మం కాలి ముడతలు పడింది. భార్య ఒక చేత్తో ఆయన మోచెయ్యి పట్టుకుని, రెండో చంకలో బరువైన గోనెసంచి ఎత్తుకుని ఉంది. ఆయన దావీదు, దాచేపల్లి పక్క రాళ్ళ క్వారీలో ఫిట్టరు. ఆమె మరియమ్మ.

సంచిలోంచి తుప్పు పట్టిన ఇనుప చక్రం తీసి నా బల్ల మీద పెట్టిందామె.

"ఇది నేను చేసిన బ్రేకు సారూ," అన్నాడు దావీదు. "దీనికి పేటెంటు కావాలి."

పేటెంటంటే కొత్త పరికరం కనిపెట్టినవాడికి, ఇది ఇతనిదేనని ప్రభుత్వం ఇచ్చే హక్కు. దరఖాస్తు కలకత్తా ఆఫీసుకు పోవాలి. దాంతో పాటు స్పెసిఫికేషను, అంటే పరికరాన్ని విడమరిచి చెప్పే వివరణ, దానికి డ్రాయింగులు ఉండాలి. వివరణ చివర క్లెయిము అని ఒక వాక్యం రాయాలి. ఇందులో కొత్తదనం ఫలానా అని తేల్చి చెప్పే వాక్యమది. రాత పని వకీలు చూసుకుంటానన్నాడట. గీత పని నాది.

ఆ బ్రేకు వించికి బిగించేది. వించి అంటే ఇనుప తాడు చుట్టుకునే డ్రమ్ము, దానికి రెండు వైపులా చేతి పిడులు. ఇద్దరు మనుషులు పిడులు తిప్పితే గోతిలోని నాపరాయి దిమ్మె పైకి వస్తుంది. చెయ్యి జారితే దిమ్మె బరువుకి డ్రమ్ము వెనక్కి తిరుగుతుంది. పిడులు గిర్రున వచ్చి మనిషి ముంజేతినో దవడనో కొడతాయి. ఆ దెబ్బలు చూడలేక దావీదు ఈ బ్రేకు చేశాడు. ఆ బ్రేకు బిగించిన వించి మూడేళ్ళు పని చేసింది, ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. తర్వాత క్వారీలో రాళ్ళు పేల్చడానికి పెట్టి, పేలకుండా ఉండిపోయిన మందు తూటా ఒకటి హఠాత్తుగా పేలి ఆయన కళ్ళు పోయాయి. ఆ గోతిలో పని ఆపేశారు. వించి వానకు తడుస్తూ అక్కడే పడి ఉంది.

"మరి ఇన్నాళ్ళకు పేటెంటు ఎందుకండీ?" అని అడిగాను.

మరియమ్మే చెప్పింది. "ఒక వర్కుషాపు వాళ్ళు ఆ గోతి కాడికి పోయి దీన్ని కొలుచుకుపోయారయ్యా. ఈయన్ని ఒక్క మాట అడగలా. అచ్చం ఇట్టాంటియే చేసి క్వారీలకు అమ్మారు. అందరూ దాన్ని దావీదు బ్రేకనే అంటున్నారు. మొన్న అది జారింది. మా పక్కింటి కోటయ్యకు కుడి చెయ్యి ముంజేతి కాడ విరిగింది. వాళ్ళమ్మ మా గుమ్మంలోకొచ్చి, నీ బ్రేకు నా కొడుకు చెయ్యి తినిందని ఏడ్చింది."

"నా బ్రేకు జారదు సారూ," అన్నాడు దావీదు. "వాళ్ళేం చేశారో నాకు తెలవదు. నాది ఇదీ అని కాయితం మీద ఉండాలి. అంతే నాకు కావలసింది."

మూత బోల్టులు తుప్పుకి బిగుసుకుపోయి ఉంటే కిరసనాయిలు పోసి మర్నాడు విప్పాను. లోపల ఏటవాలుగా తొలిచిన మూడు గళ్ళు, ఒక్కో గడిలో వేలెడంత ఉక్కు రోలరు. డ్రమ్ము వెనక్కి తిరగబోతే రోలరు వాలు వెంట ఇరుకు వైపుకి జరిగి బిగుసుకుంటుంది. బరువు ఎంత లాగితే అంత గట్టిగా పడుతుంది. చూడగానే ముచ్చటేసింది. తుప్పు గీకి, మందాలు కొలిచే కాలిపర్సుతో కొలతలు తీసుకుని, వారం రోజుల్లో మూడు షీట్లు గీశాను. గడి గోడకు రెండేసి చిన్న బెజ్జాలు కనిపించాయి. వాటిలో ఏమీ లేదు. నూనె పోసే బెజ్జాలేమో అనుకుని వదిలేశాను. అవి వేస్తే బొమ్మ గజిబిజిగా ఉంటుందని కూడా అనిపించింది.

తర్వాతి వారం వాళ్ళు వచ్చారు. డ్రాయింగు చదివి వినిపించబోయాను. దావీదు చెయ్యి చాచి కాగితం తడిమాడు.

"నాకేం తగల్లేదు సారూ. మీరు బాగానే గీసుంటారు. నాదో కాదో నాకెట్టా తెలిసిద్ది?"

మరియమ్మ బల్ల చుట్టూ చూసింది. "తమ్ముడూ, అట్ట ముక్క ఉంటే ఇయ్యి. బంక గూడా," అంది. ఆమె జాకెట్లు కుట్టేది. కొంగు ముడిలోంచి దారం ఉండ తీసింది. నేను అట్ట మీద అదే బొమ్మ పెద్దగా గీశాను. ఆమె ప్రతి గీత మీదా బంక రాసి దారం అంటించింది. ఇద్దరం గంటన్నర కూర్చున్నాం. ఆరాక అట్ట దావీదు ఒళ్ళో పెట్టాం.

ఆయన చూపుడు వేలు దారం వెంట నెమ్మదిగా నడిచింది. చక్రం చుట్టూ తిరిగి మొదటి గడిలోకి దిగింది. ఆయన మొహం విప్పారింది. "ఆఁ, ఇదే వాలు. ఇదిగో రోలరు." అన్నాడు. అంతలోనే వేలు ఆగింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి తడిమాడు.

"ఆకు యాడ సారూ?"

"ఆకేంటండీ?"

"రోలరు ఎనకాల ఆకు. ఇనుము కోసే హాక్సా బ్లేడు విరిగితే ఆ ముక్క వంచి, రెండు రివెట్లు కొట్టి పెట్టా. గడికొకటి."

నేను లేచి చక్రం తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన గడిలో వేలు పెట్టి చూశాడు. గోడకున్న రెండు బెజ్జాల మీద వేలి కొస ఆడించాడు.

"తుప్పు పట్టి రాలిపోయింది," అన్నాడు గొంతు తగ్గించి. "ఒసే మరియా, ఆకు లేదే. వాళ్ళు కొలిచిన నాటికే లేదు. బెజ్జాలు చూసి నూనెకనుకున్నారు."

తర్వాత విడమరిచి చెప్పాడు. పైకొచ్చే దిమ్మె ఒక్కోసారి గోతి గోడలో పొడుచుకొచ్చిన గట్టుకి తట్టుకుని దాని మీద ఆనుతుంది. అప్పుడు తాడు వదులవుతుంది. లాగే బరువు లేక రోలరు గడిలో వెడల్పు వైపుకి జారుతుంది. దిమ్మె గట్టు జారి ఒక్కసారిగా పడితే, రోలరు మళ్ళీ పట్టుకునే లోపే డ్రమ్ము తిరిగిపోతుంది. ఆ ఆకు రోలరుని ఎప్పుడూ ఇరుకు వైపుకే నెట్టి ఉంచుతుంది. కోటయ్య చెయ్యి విరిగింది సరిగ్గా అట్లాగేనట. దిమ్మె గట్టుకి తట్టుకుంది, తాడు వదులైంది.

కోటయ్య చెయ్యి విరగ్గొట్టిన తప్పే నేనూ చేశాను. అదీ నీటుగా, సిరాతో.

"నేను కూడా నూనె బెజ్జాలే అనుకున్నాను దావీదు గారూ. అసలు గియ్యనే లేదు," అని ఒప్పుకున్నాను.

"మీకైతే అడగడానికి చేసినవాణ్ణి నేనున్నా గదా సారూ," అన్నాడాయన. కోపంగా అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

మూడు షీట్లూ చించేసి మళ్ళీ గీశాను. దరఖాస్తు కలకత్తా వెళ్ళింది.

కొన్ని నెలలకు జవాబొచ్చింది. ఏటవాలు గడిలో రోలరు పెట్టి ఆపే పద్ధతి ఎన్నో ఏళ్ళ కిందటే ఇంగ్లండులో ఒకాయన పేటెంటు చేశాడట. ఆ డ్రాయింగు నకలు జతచేసి, మీదానిలో కొత్తేముంది అని అడిగారు. అది వాళ్ళ పని, అడగాల్సిందే. వకీలు పెదవి విరిచాడు. నేనే దాచేపల్లి వెళ్ళి దావీదుకి చదివి చెప్పాను. కుంగిపోతాడనుకున్నాను. ఆయన నవ్వాడు.

"అయితే నేను పిచ్చి పని చెయ్యలా. ఆ దొరకూ ఇదే తోచింది. మరి తాడు వదులైతే ఆయనేం చేశాడు?"

నకలు విప్పి ఒక్కో గీతా వెతికాను. ఆయనేమీ చెయ్యలేదు. ఆకు లేదు.

జవాబు పంపేముందు క్వారీలో పరీక్ష పెట్టాం. వర్కుషాపు చేసిన వించికే కొత్తగా ఆకులు బిగించాం. దిమ్మెను సగం దాకా లేపి గట్టు మీద ఆనించి, తాడు వదులు చేశారు. పిడులు పట్టుకోవడానికి మనుషులు వెనకాడారు. అప్పుడు కోటయ్య ముందుకొచ్చి, వంకరగా అతుక్కున్న కుడి చేతిని ఒంటికి అదుముకుని, ఎడం చేత్తో పిడి పట్టుకున్నాడు.

"వద్దురా అబ్బాయ్, నేను పట్టుకుంటా," అన్నాడు దావీదు.

"ఇద్దరం పట్టుకుందాం మామా. నీ బ్రేకేగా."

రెండో పిడి దావీదు పట్టుకున్నాడు. గడ్డపారతో దిమ్మెను గట్టు మీంచి నెట్టారు. తాడు ఫట్టుమని బిగిసింది. డ్రమ్ము కదల్లేదు. ఇద్దరూ పిడులు వదిలేసి నిలబడ్డారు. దిమ్మె గాల్లో ఊగుతోంది. కోటయ్య తల్లి అక్కడే ఉంది. వచ్చి దావీదు చెయ్యి పట్టుకుని గోతి అంచు నుంచి దూరంగా నడిపించుకుపోయింది.

క్లెయిము తిరగరాశాం. తాడు వదులైనప్పుడు కూడా రోలరుని ఇరుకు వైపుకి నెట్టి ఉంచే ఆకు స్ప్రింగు ఒక్కటే మా కొత్తదనమని చెప్పాం. దానికే పేటెంటు వచ్చింది. దాంతో దావీదు గొప్పవాడేమీ కాలేదు. ఒక వర్కుషాపు మాత్రం దావీదు దగ్గర అనుమతి తీసుకుంది. మిగిలినవాళ్ళు అచ్చయిన స్పెసిఫికేషను చూసి చేసుకున్నారు. కోర్టుకి వెళ్దామా అని వకీలు అడిగితే దావీదు వద్దన్నాడు.

"కాపీ కొడితే కొట్టనీండి సారూ. ఆకుతో సహా కొడుతున్నారుగా."

ఆ తర్వాత చాలా ఏళ్ళు గీతే నా బతుకు. నాకు అర్థం కానిది కనిపిస్తే, తెలిసినట్టు నటించి దాటిపోవడం ఆ కేసుతో మానేశాను. చేసినవాడి ఎదుట కూర్చుని, "ఇది నాకు తెలియలేదు, చెప్పండి" అని అడగడం నేర్చుకున్నాను. మొదట్లో ఆ మాట అనడానికి సిగ్గుగా ఉండేది. విన్నవాళ్ళెవరూ నన్ను చిన్నచూపు చూడలేదు. పని ఆపి, చేతులు తుడుచుకుని, దగ్గరికి జరిగి ఓపిగ్గా చెప్పేవారు. చాలామందిని అంతకు ముందు ఆ మాట అడిగినవాడే లేడు.