బీరువాలో డిగ్రీ

మండవల్లి నరసరాజు బి.ఏ. ప్యాసైన ఏడాదే మా హైస్కూల్లో ఇంగ్లీషు మేష్టారుగా చేరాడు. అది 1953 జూన్. నేను లెక్కల మేష్టార్ని. తాడేపల్లిగూడెంలో ఇద్దరిదీ ఒకటే గది. ఆరేళ్ళుగా పక్కపక్క మంచాల మీద పడుకుంటున్నాం కాబట్టి అతన్ని తిట్టే హక్కు నాకుందనుకుంటాను.

వరి పండించే ఇంట్లో పుట్టినా అతని మనసంతా కొల్లేటి చేపల మీదే ఉండేది. ఏలూరు కాలేజీలో చదివే రోజుల్లో సెలవులిస్తే చాలు, కొల్లేటికోట ముసలయ్య దోనెలో తిరిగేవాడు. ముసలయ్య మావులు వేసి కొర్రమీను పట్టేవాడు. మావంటే వెదురు బద్దల బోను; చేప సులువుగా దూరుతుంది, బయటికి రాలేదు. కొర్రమీనుకు ప్రాణం గట్టి. తడి నాచులో పెడితే నీళ్ళు లేకపోయినా పూటంతా బతుకుతుంది. బతికున్న చేపల్ని తట్టల్లో సర్ది, మండవల్లిలో రైలెక్కించి బెజవాడ చేర్చాలని ముసలయ్య ఆలోచన.

"పట్టడం మాకు తెల్సండి. ఆ ఊళ్ళో హోటళ్ళ వాళ్ళతో మాట్టాడాలంటేనే నోరు పెగలదండి. మీరొస్తే ఇద్దరం కలిసి చేద్దామండి" అన్నాడట.

నరసరాజు ఎగిరి గంతేశాడు. వాళ్ళమ్మ సూర్యకాంతం గారు మాత్రం, "బి.ఏ. చదివి చేపల తట్టలు మొయ్యడవేంటి నాయనా! ముందు ఓ ఉద్యోగంలో కూర్చో. ఆర్నెల్లు చేసి నచ్చకపోతే అప్పుడు చూద్దాం" అన్నారు. చుట్టాలందరూ అదే పాట పాడారు. అలా మా స్కూలుకొచ్చి పడ్డాడు.

చేరిన రోజు కరస్పాండెంటు అచ్యుతరావు గారు, కొత్తగా వచ్చిన ప్రతివాణ్ణీ అడిగినట్టే, డిగ్రీ సర్టిఫికెట్టు అడిగి తీసుకున్నారు. "మా దగ్గర భద్రంగా ఉంటుందండి. మూడేళ్ళయ్యాక పట్టుకెళ్ళండి" అన్నారు. మేష్టర్లు ఏడాది మధ్యలో పారిపోకుండా మా స్కూలు పద్ధతది. ఆయన గదిలో ఇనప బీరువా, ఆయన జేబులో తాళంచెవి.

ఆర్నెల్లకే నరసరాజు మానేస్తానన్నాడు. "మీ ఇష్టమండి. సర్టిఫికెట్టు మాత్రం మూడేళ్ళకే" అన్నారాయన మెత్తగా. అంతటితో ఆగిపోయాడు.

"డిగ్రీ చేతికి రానివ్వండి, మర్నాడే కొల్లేట్లో ఉంటాను" అనేవాడు నాతో.

"మరే. డిగ్రీ వదిలేసుకుంటే ఎలాగండి?" అనేవాణ్ణి నేను. ఆ మాటన్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడేళ్ళూ అయ్యాయి. ఇన్‌స్పెక్షన్ అయ్యాక ఇస్తానన్నారు. తర్వాత పరీక్షలయ్యాక అన్నారు. ఆ తర్వాత కొత్త ఇంగ్లీషు మేష్టారు దొరికాక అన్నారు. ఈ మహానుభావుడు ప్రతిసారీ చేతులు కట్టుకుని "అలాగేనండి" అని తిరిగొచ్చేవాడు. వరండాలోంచి ఆ బీరువా కనిపిస్తే ఊపిరాడదని, అటువైపు గది నాకిచ్చి నా గదిలో పాఠాలు చెప్పుకునేవాడు. ఉత్త చేతుల్తో ముసలయ్యకి మొహం చూపించలేక ఇన్నేళ్ళూ కొల్లేటికోట వెళ్ళలేదు. కాయితం రాగానే వస్తానని కబుర్లు మాత్రం పంపేవాడు.

ఈ వేసవిలో అచ్యుతరావు గారు కొత్త బీరువా కొన్నారు. పాతది ఖాళీ చేస్తూ, ఎవరూ అడక్కుండానే, "ఇదుగోనండి మీది" అని నరసరాజు చేతిలో పెట్టారు. రెండోరోజుకల్లా నన్ను వెంటేసుకుని కొల్లేటికోటలో దోనె దిగాడు.

గట్టు మీద ముసలయ్య, అతని కూతురు గంగారత్నం తట్టల్లో నాచు పరుస్తున్నారు. మూడేళ్ళుగా బెజవాడకి చేపలు వెళుతూనే ఉన్నాయి. తీసుకెళ్ళేది గంగారత్నమే. ఆవిడకి అక్షరమ్ముక్క రాదు.

నరసరాజు చుట్టిన కాయితం విప్పి చూపించాడు. "వచ్చేసింది, ముసలయ్యా! ఇంక మొదలెట్టొచ్చు."

తడిచేతుల్తో ముట్టుకోకుండా ముసలయ్య వంగి చూశాడు. "ఏవిటండిది?"

"నా డిగ్రీ."

"చేపలకి ఇదెందుకండీ? కాయితం కాయితం అని కబురెడతంటే, మీ పొలం దస్తావేజు ఎక్కడో చిక్కుకుందేమో అనుకున్నామండి. మేం రమ్మంది మిమ్మల్నండి."

నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఇప్పుడైనా రండి రాజుగారూ. సాయంత్రం బండికి నాతో బెజవాడ రండి. ఒక్కదాన్నీ తిరగలేక పోతన్నాను" అంది గంగారత్నం.

అతను కాయితాన్ని మళ్ళీ చుట్టాడు. "సోమవారం స్కూలు తెరుస్తారండి. ఆలోచించుకుని చెప్తాను" అన్నాడు.

సోమవారం పొద్దున్నే కరస్పాండెంటు గదికి తనే వెళ్ళి ఆ సర్టిఫికెట్టు ఇచ్చేశాడు. "మీ దగ్గరే ఉంచండి. మా గదిలో చెదలండి" అన్నాడు. మా గదిలో చెదలు లేవు. బయటికొచ్చాక, బుద్ధుందా లేదా అని తిట్టాను.

"అది దగ్గరుంటే వెళ్ళిపోవాలనిపిస్తోందండి" అన్నాడు.

ఆ వారమే ఎలీయాజరు అని కొత్త సైన్సు మేష్టారు చేరాడు. డిగ్రీ చుట్ట చేత్తో పట్టుకుని వరండాలో నన్నాపాడు. "ఇవ్వమంటారాండి?"

"చచ్చినా ఇవ్వకండి" అన్నాను. నరసరాజు సంగతంతా చెప్పాను. ఏం చెయ్యాలనుందో అది ఇవాళే మొదలెట్టమన్నాను. ఆర్నెల్లు చూద్దామనే మాట ఎవరన్నా, కన్నతల్లే అన్నా, నమ్మొద్దన్నాను. ఆవేశంలో గొంతు పెద్దదైంది.

అతను శ్రద్ధగా విని, "మరి మీ సర్టిఫికెట్టు ఎక్కడుందండి?" అని అడిగాడు.

బెల్లయిందని చెప్పి క్లాసుకి వెళ్ళిపోయాను.