చంటి చెవి వెనక

పొద్దుటి నుంచి ముసురు. కొట్లో ఇస్త్రీపెట్టె కింద వేడెక్కుతున్న లైనింగు గుడ్డల వాసన ఒకటి, మా లక్కీగాడు వీధిలో తడిసొచ్చి మిషను కింద దూరాక లేచిన తడి బొచ్చు వాసన ఒకటి. ఆ రెండూ కలిసి ముక్కుకు తగిలితే నాకు ముందు ఒళ్లు మండుతుంది, ఆ తర్వాత మంగతాయారు పిన్నిగారు గుర్తొస్తారు. ఎప్పుడూ ఇదే వరస. ఈ కుక్కను నేను కోరి తెచ్చుకోలేదు. తొమ్మిదేళ్ల మా అమ్మాయి ఏడ్చి సాధించింది. ‘నేనే చూసుకుంటానమ్మా’ అంది. వారం రోజులు చూసుకుంది. మా ఆయన మస్కట్ నుంచి ఫోన్లోనే సరేననేశారు. ఫోన్లో సరేననడానికి ఆయనదేం పోయింది, తుడవాల్సింది నేను. కుడుతున్న జాకెట్టు పక్కన పడేసి, వాణ్ణి ఒళ్లోకి లాక్కుని, తువ్వాలుతో ఒత్తి తుడిచి, కుడి చెవి, ఎడమ చెవి ఎత్తి చూశాను. కొలతలివ్వడానికొచ్చిన ఒకావిడ నవ్వింది. “ఇంత చిన్న కుక్కకి ఇంత పనా అండీ?” అంది. ఇరవయ్యేళ్ల వయసులో నేనూ అచ్చం ఇదే మాట అన్నాను.

అప్పటికి నేను ఇంటర్ తప్పి ముక్తేశ్వరంలో ఇంట్లో కూర్చున్నాను. కొబ్బరి చెట్లెక్కి దింపులు తీసే నాన్న ఒకసారి చెట్టు మీంచి జారి నడుం పాడుచేసుకున్నారు. ఇక ఇంట్లో ఎవరో ఒకరికి చేతిలో పని ఉండి తీరాలి, ఆ ఎవరో ఒకరు నేనే. అమలాపురంలో మంగతాయారు పిన్నిగారి దగ్గర కటింగు నేర్చుకుంటే ఎక్కడైనా బతికేయొచ్చని అమ్మ ఎవరినో బతిమాలి నన్ను అక్కడ చేర్పించింది. ఆవిడ తొమ్మిదేళ్లు కువైట్లో ఇళ్లలో పనిచేసి వచ్చి కొట్టు పెట్టుకున్న మనిషి. ముందు కొట్టు, వెనక ఇల్లు. భర్త ఎప్పుడో పోయారు. ఒక్కతే కూతురు పద్మ, ఆలమూరులో కాపురం. ఇంట్లో ఉండేది ఆవిడ, చంటి. చంటి అంటే పసిపిల్ల అనుకున్నాను. తీరా చూస్తే దిండంత తెల్లటి బొచ్చుకుక్క.

మొదటిరోజు చేతికి కత్తెర ఇస్తారని ఎదురుచూశాను. స్టీలు దువ్వెన ఇచ్చారు.

“ఇదేంటండీ?” అన్నాను.

“చంటిని దువ్వమ్మా. తోక దగ్గర్నించి మొదలెట్టి పైకి రా.”

“నేను కటింగు నేర్చుకోవడానికొచ్చేనండి.”

“ఆయ్, తెలుసు. నాకు చెయ్యి నొప్పిగా ఉంది. ముందది దువ్వేసి రా.”

ఆవిడ చెయ్యి నొప్పి ఆ రోజుతో పోలేదు. నా ఖర్మ కొద్దీ ఏడాది పాటు ఉంది.

ఆ కుక్కకు జరిగిన సేవ మా నాన్న నడుం విరిగి పడుకున్నప్పుడు ఆయనకు కూడా జరగలేదు. పొద్దున్నే వీధిలోకి తిప్పాలి. వచ్చాక నాలుగు కాళ్లూ కడగాలి, కడిగితే చాలదు, వేళ్ల సందులు పొడిగుడ్డతో ఒత్తాలి. కళ్ల కొసల్లో పుసి తడిగుడ్డతో తీయాలి. పిడుదులు పట్టాయేమోనని చంకల్లో వేలు పెట్టి వెతకాలి. చికెన్ ముక్క ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ఎముక తీసి, మెత్తటి అన్నంలో పిసికి పెట్టాలి. కొట్టుకొచ్చిన ఆడవాళ్లు బ్యాగుల్లోంచి బిస్కెట్లు తీసి పెట్టకుండా కాపలా కాయాలి. పెడితే ఆ మధ్యాహ్నం అది కక్కుతుంది, ఆ కక్కు నేనే ఎత్తాలి. దువ్వడమొక పెద్ద కథ. పైపైన దువ్వితే పిన్నిగారు ఒప్పుకునేవారు కాదు. చర్మం కనిపించేలా పాయలు తీసి దువ్వాలి. ఎక్కడైనా బొచ్చు ఉండ కడితే వేళ్లతో ఓపిగ్గా విప్పాలి, కత్తెర మాత్రం పెట్టకూడదు. ఉండ ఎక్కడ అయిపోయిందో చర్మం ఎక్కడ మొదలైందో కంటికి తెలియదని చెప్పేవారు. అన్నిటికన్నా ముఖ్యం చెవులు. ఎత్తి చూడాలి, వాసన చూడాలి, వెనక తడమాలి. అదీ రోజూ. తల ప్రాణం తోకకొచ్చేది నాకు.

ఒకరోజు విసుగొచ్చి, చూడకుండానే “చెవులు బాగానే ఉన్నాయండీ” అన్నాను. ఆవిడ మిషను ఆపలేదు.

“చూసి చెప్తున్నావా, చెప్పేస్తున్నావా?” అన్నారు.

నేను వెళ్లి చూశాను. ఏమీ లేదు. ఏమీ లేకపోవడం చూసి నాకు ఇంకా కోపమొచ్చింది. ఆ ప్రశ్న ఆవిడకు ఊతపదం. హుక్కులు కుట్టేశానంటే అదే ప్రశ్న, గ్యాసు కట్టేశానంటే అదే ప్రశ్న. జవాబు చెప్పి ప్రయోజనం లేదు, లేచి వెళ్లి చూడాల్సిందే.

పద్మక్క నెలకోసారి వచ్చేది. తల్లీకూతుళ్లు అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. పిన్నిగారు మాట మొదలుపెట్టే ముందు లేచి, చుట్టూ తిరిగి, కూతురికి కుడిపక్కకు వెళ్లి కూర్చునేవారు. అటు ఎండ పడుతున్నా అటే. ఇదో చాదస్తం కాబోలనుకుని నేను పట్టించుకోలేదు.

ఆ ఏడు శ్రావణంలో పద్మక్క వాళ్లు ఆలమూరులో గృహప్రవేశం పెట్టుకున్నారు. పిన్నిగారు ఐదు రోజులు వెళ్లాలి. చంటి బస్సెక్కితే వాంతులు చేసుకుంటుంది. “కొట్టూ, చంటీ నీ మీద వదిలి వెళ్తున్నానమ్మా వేణీ. వచ్చేక కత్తెర పట్టిస్తాను నీకు” అన్నారు. ఏడాదిగా ఆ మాట కోసమే చూస్తున్నాను. అలాగేనండి, అలాగేనండి అన్నాను. వరలక్ష్మీ వ్రతం నాలుగు రోజుల్లో ఉంది. కొట్లో జాకెట్లు గుట్టగా పడున్నాయి. పైన వదలని వాన.

మొదటిరోజు అన్నీ చేశాను. రెండో రోజు కాళ్లు తుడిచి వదిలేశాను. మూడో రోజు తడిసొచ్చిన దాని మీద తువ్వాలు విసిరి, ఆరిపోతుందిలే అనుకుని హుక్కులు కుట్టుకుంటూ కూర్చున్నాను. సాయంత్రం అది వెనక కాలుతో చెవి దగ్గర గోక్కుంటోంది. “గమ్మున పడుకో” అని కసిరాను. పిన్నిగారు రోజూ దీపాల వేళకు ఫోన్ చేసేవారు. “చంటి ఎలా ఉందే?” “బాగానే ఉందండీ” అనేదాన్ని. అటు సన్నాయి మోతలో ఆవిడకు ఆ రెండో ప్రశ్న వేసే తీరిక లేదు. నేనూ బతికిపోయాననుకున్నాను.

నాలుగో రోజు అది గోకుతూ ఏడవడం మొదలుపెట్టింది. దగ్గరకు లాక్కుంటే వాసన. ఎడమ చెవి వెనక బొచ్చు నిమ్మకాయంత ఉండ కట్టి, గట్టిపడి, లోపల చెమ్మగా ఉంది. వేళ్లతో విప్పబోతే కరవబోయింది. బయట ఇద్దరు ఆడవాళ్లు జాకెట్ల కోసం నించుని ఉన్నారు. నాకు విసుగు నెత్తికెక్కింది. బల్ల మీదున్న పిన్నిగారి పెద్ద కత్తెర తీసుకున్నాను, ఏడాదిగా నన్ను ముట్టుకోనివ్వని కత్తెర. ఉండను పట్టుకుని మొదలంటా ఒక్క కోత కోశాను. చంటి అరిచిన అరుపుకు వీధిలో వాళ్లు ఆగి చూశారు. ఉండతో పాటు చర్మం తెగింది. ఆ కింద రూపాయి బిళ్లంత మేర అప్పటికే పుండై చీము పట్టి ఉంది. తువ్వాలంతా రక్తం. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. ఎడమ చేత్తో చంటిని అదిమి పట్టుకుని, కుడిచేత్తో తీశాను.

“చంటి ఎలా ఉందే?”

“బాగానే ఉందండీ” అన్నాను.

కత్తెర కన్నా నన్ను ఇప్పటికీ కోసేది ఆ మాటే. పశువుల ఆసుపత్రి డాక్టరుగారు తల సగం గొరిగి, కడిగి, కుట్లు వేశారు. “ఇంకో రెండు రోజులు చూడకపోతే పురుగు పట్టేదమ్మా. తర్వాత మనం చేసేదేం ఉండదు” అన్నారు. ఇక కటింగు నేర్చుకున్నట్టే, పెట్టె సర్దుకుని ముక్తేశ్వరం బస్సెక్కడమే అనుకున్నాను. నాన్నకు ఏం చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

మర్నాడు పిన్నిగారు వచ్చారు. చంటి కుట్ల తలతో తోకాడిస్తూ ఎదురెళ్లింది. ఆవిడ సంచీ దించి, దాన్ని ఎత్తుకుని, గాయం చుట్టూ వేలితో తడిమి చూశారు. తిడితే బాగుండునని నించున్నాను.

“కోసింది నిన్ననేనా?” అన్నారు.

“నిన్ననేనండి.”

“నేను ఫోన్ చేసేటప్పటికి కోసేవా, తర్వాత కోసేవా?”

“కోసేక చేసేరండి.”

ఆవిడ అరుగు మీద కూర్చున్నారు. “కువైట్లో నా పని కుక్కని చూడ్డమేనే. ఇలాంటి తెల్లదే. రోజూ చెవులు ఎత్తి, తుడిచి, ఆ ఇంటావిడకి చూపించాలి. చూసేనండీ అంటే ఒప్పుకునేది కాదు. ఆ ఏడే ఇక్కడ మా పద్మకి చెవిలో చీము పట్టింది. ఆరేళ్ల పిల్ల. నేను వారం వారం ఫోన్ చేసేదాన్ని. పిల్ల ఎలా ఉందండీ అంటే, బాగానే ఉందమ్మా అనేవారు మా అత్తగారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు. అన్నం తింటోంది, బడికెళ్తోంది, బాగానే ఉందనుకునేది. నేను వచ్చేసరికి ఎడమ చెవి వినపడకుండా పోయింది.” చంటి వీపు నిమురుతూ, “నేను రోజూ చెవి ఎత్తి చూసేనే. ఆ కుక్క చెవి” అన్నారు.

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. లోపలికెళ్లి స్టీలు దువ్వెన తెచ్చి నా చేతిలో పెట్టారు. “గాయం వదిలేసి మిగతాది దువ్వు. మందు ఇవాళ్టి నుంచి నువ్వే రాయాలి” అన్నారు. పెద్ద కత్తెర సానకిచ్చారు. అది నా చేతికి ఇచ్చేసరికి దసరాలు వెళ్లిపోయాయి. ఈలోగా చంటికి చెవి వెనక బొచ్చు మొలిచింది, ఒక్క గీత మేర మాత్రం మొలవలేదు. అది ముసలిదై పోయేదాకా రోజూ ఆ గీత నాకు కనిపిస్తూనే ఉండేది. మూడేళ్ల క్రితం పిన్నిగారూ వెళ్లిపోయారు. చివరి రోజుల్లో కూతురి దగ్గర ఉంటే ఆలమూరు వెళ్లి చూశాను. పద్మక్కకు కుడిపక్కన కూర్చుని మాట్లాడాను.

ఇవాళ కూడా సాయంత్రం మస్కట్ నుంచి ఫోన్ వచ్చింది. “పిల్ల ఎలా ఉంది?” అన్నారు మా ఆయన. “ఉండండి” అని ఫోన్ మిషను మీద పెట్టి లేచాను. ఆయనకు ఇది పరమ విసుగు. ఒక్క ముక్క చెప్పడానికి ఇంతసేపా, ఆ ముక్క నిన్న చెప్పిందేగా అంటారు. నిజమే. అమ్మాయి లెక్కలు చేసుకుంటోంది. నుదురు ముట్టుకుని, జుట్టు పక్కకు తీసి చెవి చూశాను. “అబ్బా, నాకేం కాలేదమ్మా, నేను లక్కీగాణ్ణా?” అని తల విదిలించుకుంది. అవతల ఆయన హలో హలో అంటూనే ఉన్నారు. రెండో చెవి కూడా చూసి, అప్పుడు వెళ్లి చెప్పాను, బాగానే ఉందని.