కాటా గదిలో వేరు కాపురం

లారీల కాటా గదిలో పొద్దుటి షిఫ్ట్ చూసే ఆవిడను అందరూ కాటా అక్క అంటారు. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాళ్ళైన డ్రైవర్లు కూడా అక్కా అనే పిలుస్తారు, ఆవిడా పలుకుతుంది. పలకక ఏం చేస్తుంది? రోజంతా కలిపి ఆవిడ చెవిన పడే పిలుపు అదొక్కటే. కిటికీలోంచి ఒక చెయ్యి లోపలికి వస్తుంది, బయట గొంతు బండి నంబరు చెబుతుంది, అక్క కంప్యూటర్లో బరువు చూసి చీటీ తీసి ఆ చేతిలో పెడుతుంది. ఆ చెయ్యి వెళ్తే ఇంకో చెయ్యి. మొహాలు చూడాలంటే లేచి నిలబడాలి, నిలబడితే వెనకున్న బండి హారన్ మోగిస్తుంది.

ఇంటికెళ్తే మాత్రం ఎవరున్నారు గనక! మందుల కొట్టు పైన ఒంటిగది. పెళ్ళి ఊసు ఒకప్పుడు వచ్చింది, ఎటో పోయింది. ఆ తర్వాత అడిగేవాళ్ళూ మానేశారు, ఈవిడా మానేసింది. ఆదివారాలు చెల్లెలు ఫోన్ చేస్తుంది. తిన్నావా, మందులు వేసుకున్నావా అని తనే అడిగి, వెనక పిల్లలు గోల చేస్తుంటే తనే సరే ఉంటానంటుంది. ఫోన్ పెట్టేశాక గది ఇంకా పెద్దదైనట్టుంటుంది అక్కకు.

మధ్యాహ్నం కాసేపు ఆ రోడ్డు మీదికి లారీలను వదలరు. కాబట్టి అప్పుడు కాటాకూ సెలవే. అక్క గది ఊడ్చి, కుర్చీ బల్ల కిందకి తోసి, కప్పు కడిగి బోర్లించి, తాళంచెవి గోడకున్న, అంకెలు కలిపితే తెరుచుకునే పెట్టెలో పడేసి వెళ్ళిపోతుంది. తర్వాత ఎవరో వస్తారు. చీకటి పడేదాకా కూర్చుని, వాళ్ళూ ఊడ్చి, తోసి, బోర్లించి వెళ్తారు. కంపెనీ పెట్టిన నియమం అది, ఇద్దరూ తప్పరు. ఆఫీసు ఎక్కడో దూరాన ఉంది, జీతం బ్యాంకులో పడుతుంది. ఆ వచ్చేదెవరో అక్కకు తెలియదు. గదిలో ఇంకో మనిషి తిరిగిన జాడ మిగిలేదల్లా కంప్యూటర్ తెర మీదే.

ఆ కంప్యూటరంటే అక్కకు ప్రాణం. నేర్పినవాళ్ళు లేరు, నొక్కి నొక్కి నేర్చుకుంది. లారీలు రేపే దుమ్ము అంతా ఇంతా కాదు కదా, అందుకని అప్పుడప్పుడు తీగ పీకేసి, మెత్తటి బ్రష్షుతో డబ్బా వెనక ఫ్యాను రెక్కలు దులిపేది. రీసైకిల్ బిన్‌లో చెత్త పేరుకోనిచ్చేది కాదు. తెరిచినవన్నీ మూసి పద్ధతిగా ఆపేది. స్విచ్ కట్టేసి పీక నొక్కినట్టు ఆపేసేవాళ్ళంటే ఆవిడకు ఒళ్ళుమంట. తెర తెల్లగా ఉండాలి, అక్షరాలు చిన్నవిగా ఉండాలి, పొద్దుటినుంచీ వచ్చిన బండ్లన్నీ కిందికి జరపకుండా ఒక్క చూపులో కనపడాలి. ఇదీ ఆవిడ లెక్క.

ఇంతకుముందు మధ్యాహ్నం షిఫ్ట్ చూసినాయన దేన్నీ ముట్టుకునేవాడు కాదు. ఆయన పోయి ఇంకెవరో వచ్చారు, వచ్చిన మర్నాడే అక్క తెర తీసేసరికి అంతా నల్లగా ఉంది. అక్షరాలు గుమ్మడికాయలంత ఉన్నాయి. మౌసు ఎడమ మీట నొక్కితే కుడి మీట పని చేస్తోంది, కుడిది నొక్కితే ఎడమది. రెండు బండ్ల చీటీలు తప్పుగా నొక్కేసింది. చిర్రెత్తుకొచ్చింది. అన్నీ తనకు కావలసినట్టు మార్చుకుంది. మర్నాడు మళ్ళీ నలుపు, మళ్ళీ గుమ్మడికాయలు, మళ్ళీ మీటలు తారుమారు.

ఇక చూడండి పంతం! పగలు ఈవిడ తెలుపు చేస్తే సాయంత్రం అటువాళ్ళు నలుపు చేస్తారు. ఎవరో ఎడమచేతి వాటం మనిషి, మగవాడు, పెంకివాడు, కళ్ళజోడు పెట్టుకోవడానికి నామోషీ పడేవాడు అని అక్క తీర్మానించేసుకుంది. కూరలు తరుగుతూ ఆ పెంకివాణ్ణి తిట్టుకునేది. వారంవారం చెల్లెలికీ వాడి కబుర్లే. ఒకరోజు కోపం ఆగక ఆఫీసుకు ఫోన్ చేసి, మధ్యాహ్నం షిఫ్ట్ వాళ్ళు నా కంప్యూటర్ పాడుచేస్తున్నారని కంప్లయింట్ రాయించింది. చూస్తామన్నారు. ఆఫీసులు చూస్తామన్న సంగతి మీకు తెలిసిందే.

ఇలా ఉండగా ఒకనాడు కంప్యూటర్ మొండికేసింది. మీట నొక్కితే తెర వెలగడానికి యుగం పట్టింది. బయట బండ్లు బారులు తీరాయి, డ్రైవర్లు అరుపులు. ఆ రోజు రద్దీ తగ్గాక అక్క లోపలికి పోయి వెతికింది. తెర వెలగ్గానే పిలవని పేరంటానికొచ్చినట్టు వాటంతటవే లేచి కూర్చునే ప్రోగ్రాములు బోలెడున్నాయి. ఏది దేనికో చూసుకుంటూ, కాటాకు అవసరమైనవి వదిలి మిగతావి ఒక్కొక్కటే ఆపేసింది. మర్నాడు వచ్చి చూస్తే కంప్యూటర్ ఇట్టే లేచింది. లేవడమే కాదు, డెస్క్‌టాప్ మీద ఇష్టమొచ్చినట్టు పడున్న పాత చీటీల ఫైళ్ళన్నీ నెలల వారీగా ఫోల్డర్లలో సర్ది ఉన్నాయి.

అది తనకు జవాబని అక్కకు వెంటనే అర్థమైంది. ఆ రోజు అక్షరాలను మరీ చిన్నవి చెయ్యకుండా మధ్యస్తంగా ఉంచింది. మర్నాడూ మధ్యస్తంగానే ఉన్నాయి. తెర నలుపూ కాక తెలుపూ కాక బూడిదరంగుకు వచ్చి ఆగింది. ఇక మౌసు మీటలకు మధ్యేమార్గం లేదు కదా! అటువాళ్ళే ముందు ఒక మెట్టు దిగారు. ఒక పొద్దున అక్క వచ్చి మీటలు తిప్పబోతే, అప్పటికే తిప్పి ఉన్నాయి. వెళ్ళేముందు ఈవిడ కోసం మార్చి పెట్టి వెళ్ళారన్నమాట. అక్కకు కళ్ళు చెమర్చాయి. చెప్పుకుంటే నవ్వుతారు గానీ, ఆవిడ కోసం ఒకరు ఏదైనా సిద్ధం చేసి పెట్టి ఎన్నాళ్ళైందో. ఆ మధ్యాహ్నం వెళ్తూ వెళ్తూ అక్క కూడా మీటలు అటువాళ్ళకు కావలసినట్టు తిప్పి పెట్టింది.

అప్పటినుంచీ అదే వరస. ఓ చీటీ రాసి పెట్టొచ్చుగా, ఏ డ్రైవర్నో అడగొచ్చుగా అంటారేమో. మొదట్లో పంతం అడ్డొచ్చింది, తర్వాత బిడియం. ఆఫీసులో చాడీ చెప్పిన మనిషికి ఏమని రాస్తుంది? పైగా రాస్తే జవాబు రావాలి, రాకపోతే ఉన్నది కూడా పోతుందని భయం. చెల్లెలు మాత్రం పట్టేసింది. పెంకివాడి ఊసు లేదేమిటక్కా అంది. బుద్ధొచ్చిందిలే అని అక్క నవ్వి మాట మార్చింది.

సరిగ్గా అప్పుడు తెల్లవారింది ఆఫీసుకు. కంప్యూటర్ మెకానిక్‌ను పంపించారు.

అతను చురుకైనవాడు, మాటకారి. ఒకే అకౌంట్లో ఇద్దరు పని చేస్తే గొడవలు రాక ఏమొస్తాయి, అత్తాకోడళ్ళకు వేరు కాపురం పెట్టేసినట్టు రెండు అకౌంట్లు చేసేస్తాను, ఎవరి తెర వాళ్ళది, ఎవరి మౌసు వాళ్ళది, ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళది అన్నాడు. తెలిసినవాళ్ళు ఎవరైనా ఆ మాటే చెబుతారు. ఇంకొకరి విషయమైతే ఈవిడా సరిగ్గా అలాగే చెప్పి ఉండేది.

"ఇప్పుడేం ఇబ్బంది లేదండీ. అలా ఉండనివ్వండి," అంది అక్క.

"కంప్లయింట్ ఇచ్చింది మీరేగా అక్కా!"

మీటలు తిప్పి పెట్టేవాళ్ళు కావాలని ఏ నోటితో చెబుతుంది? పాతది రెండో షిఫ్ట్‌కు వదిలేసి, ఈవిడకు కొత్త అకౌంట్ చేసి, అటువాళ్ళకు ఆఫీసు నుంచి ఫోన్ చేయిస్తానని చెప్పి అతను వెళ్ళిపోయాడు.

ఇక అన్నీ ఆవిడ పెట్టినవి పెట్టినట్టే ఉండేవి. తెల్లటి తెర, చిన్న అక్షరాలు, కుదురైన మౌసు. ఎవరూ ఏదీ ముట్టుకోరు. రెండు రోజులకే అక్షరాలను మళ్ళీ మధ్యస్తానికి తెచ్చుకుంది, చిన్నవి కంటికి ఆనలేదు. కంప్యూటర్ తియ్యగానే రెండు బొమ్మలు కనబడేవి, కింద మొదటి షిఫ్ట్, రెండో షిఫ్ట్ అని పేర్లు. రెండోదాని మీద నొక్కి చూసేది, అది పాస్‌వర్డ్ అడిగేది. పక్కింటి తలుపు తట్టినట్టుండేది. వారాలు గడిచాయి. పొద్దున్నే రావాలంటే కాళ్ళు ఈడ్చుకుంటూ రావడం మొదలైంది. బిడియం ఇంకెన్నాళ్ళు, ఒక్కసారి మొహం చూసి పలకరిస్తే పోయేదేముంది అనుకుంది చివరికి. ఒక మధ్యాహ్నం ఇంటికి వెళ్ళకుండా గదిలోనే కూర్చుండిపోయింది. నలిగిన చీర కొంగు రెండుసార్లు సర్దుకుంది.

తలుపు తోసుకుని వచ్చింది ముప్పై దాటిన ఒకామె. చూసి బెదిరిపోయింది. పొద్దుటి షిఫ్ట్ మనిషినని అక్క చెప్పాక కుదుటపడి, తను చేరి పది రోజులే అయిందంది. అంతకుముందున్నవాళ్ళు మానేశారట.

పది రోజులు! అంతా ఒకే అకౌంట్లో ఉండి ఉంటే మనిషి మారిన మర్నాడే అక్కకు తెలిసిపోయేది.

ఆమె మాత్రం మనిషి దొరికిందని సంబరపడి, తెర తీసి సాయం అడిగింది. ఈ మౌసు తిరగబడి ఉందండీ, ఎలా మార్చాలో తెలియక ఇలాగే తంటాలు పడుతున్నానంది. అక్క కుర్చీలో కూర్చుని సెట్టింగ్స్ తెరిచింది. తెర బూడిదరంగులో ఉంది, అక్షరాలు మధ్యస్తంగా ఉన్నాయి. వెనక నిలబడి ఆమె చెప్పుకుపోతోంది. మానేసినావిడ పెద్దావిడట. చూపుడువేలు ముడుచుకుపోయి వంగదట, మధ్యవేలితో నొక్కడానికి మీటలు అలా తిప్పుకుందట. ఆ వేలితోనే వచ్చి రెండు రోజులు పని నేర్పి, తమ్ముడింటికి వెళ్ళిపోయిందట.

"పొద్దుటి షిఫ్ట్‌లో ఒకాయన ఉండేవాడంటండీ. చాలా మంచాయనట, ఎప్పుడూ కలవకపోయినా ఈవిడ కోసం రోజూ మీటలు తిప్పి పెట్టి వెళ్ళేవాడట. ఉన్నట్టుండి అది ఆగిపోయిందట. అయినా ఈవిడ ఆయనకోసం మార్చి వెళ్ళేదట, మర్నాడు వచ్చి చూస్తే తను పెట్టినట్టే ఉండేదట. తిప్పేవాళ్ళు లేరు. దాంతో ఆయన మానేశాడని తెలిసిపోయిందట పాపం."

అక్క వేలు మౌసు మీద ఆగిపోయింది.

"ఆయన బదులు ఎవరో కొత్తవాళ్ళు వచ్చారట. వాళ్ళకి పొత్తు గిట్టక ఆఫీసులో కంప్లయింట్ ఇచ్చి వేరు పెట్టించుకున్నారని కొన్నాళ్ళకు ఆఫీసువాళ్ళు ఫోన్‌లో చెప్పారట. ఆయనుంటే అలా చేసేవాడు కాదు, ఇక నాకు రాబుద్ధి కావట్లేదమ్మా అంది," అని చెప్పి, ఆమె ఏదో తట్టినట్టు ఆగింది. "ఆ కొత్తవాళ్ళు మీరేనా అండీ?"

"నేనేనమ్మా," అంది కాటా అక్క.

మీటలు కుడిచేతి వాటానికి తిప్పి, కుర్చీ ఆమెకు వదిలి లేచింది.