వాసన పోయిన బావి

ఇంట్లో అందరూ ఆమెను పిరికిపిల్ల అనేవారు. ఉరిమితే చెవులు మూసుకునేది. అగ్గిపుల్ల గీయాలంటే చెయ్యి దూరంగా చాపి మొహం పక్కకి తిప్పుకునేది. అలాంటిది కాలేజీలో కెమిస్ట్రీ తీసుకుందంటే వాళ్లమ్మ నోరు వెళ్లబెట్టింది. భయపెట్టేదాని గుట్టు తెలుసుకుంటే భయం తగ్గుతుందని పిల్ల లెక్క. లెక్క తప్పింది. తెలిసేకొద్దీ భయం పెరిగింది.

నాన్న మురుగునీటి పంపుహౌస్‌లో మెకానిక్. ఊరి మురుగంతా వచ్చిపడే లోతైన బావిలోకి ఇనుప మెట్ల మీద దిగి, పంపుకి అడ్డంపడిన గుడ్డలూ చెత్తా లాగేయడం ఆయన పని. సాయంత్రం ఒళ్లు తోముకుని తోముకుని గానీ కంచం ముందు కూర్చునేవాడు కాదు.

చదువు అయ్యేసరికి ఆమె ముందు రెండు దారులున్నాయి. ఒకటి మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం. ఏసీ గది, తెల్లకోటు. ఆమె అందులో చేరిన రోజే తను పని మానేస్తానన్నాడు నాన్న. రెండోది వేరే ఊళ్లో ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ పైచదువు. మురుగులో ఏ గ్యాసు ఎందుకు పుడుతుందో చెప్పే కెమిస్ట్రీ, మనిషి దిగక్కర్లేని బావి ఎలా కట్టాలో నేర్పే ఇంజనీరింగ్, రెండూ అక్కడ కలుస్తాయి. కాకపోతే అది పూర్తయ్యేదాకా నాన్న దిగుతూనే ఉండాలి.

"ఇంకా ఆలోచనేంటే? ఆ కంపు మాతోనే పోనీ" అంది అమ్మ. ఆమెకీ అదే సబబనిపించింది. కంపెనీకి సరే అని చెప్పేసి, ఆ కబురు నాన్నకి స్వయంగా చెప్పాలని పంపుహౌస్‌కి వెళ్లింది.

గేటు దగ్గరే కుళ్లిన కోడిగుడ్ల కంపు గుప్పుమంది. నాన్న అప్పుడే పైకొచ్చి బావి గట్టు మీద కూర్చున్నాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"పొద్దున్న తెగ కొట్టింది గానీ, ఇప్పుడు వాసనే లేదు తల్లీ. హాయిగా ఉంది. పానా కిందే మర్చిపోయా, తెచ్చుకుంటానుండు" అని లేచాడు.

ఆమె గబుక్కున ఆయనకి అడ్డం వచ్చింది. మురుగులో పుట్టే ఆ హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాసు ముందు ముక్కుని చంపుతుంది, ఆ తర్వాతే మనిషి జోలికి వస్తుంది. పరీక్ష కోసం ఆమె బట్టీపట్టిన ముక్క అది.

"వద్దు నాన్నా. నాకింకా కంపు కొడుతోంది. నీకే తెలియట్లేదు."

"నీ ముక్కుకి అన్నీ ఎక్కువే" అని నవ్వాడాయన. "ఇన్నేళ్లుగా దిగుతున్నాను, నాకు చెప్తావా?"

ఆమె నాన్న చొక్కా పట్టుకుంది. ఆయన విడిపించుకోబోయాడు. మాటా మాటా పెరిగింది. ఏదో అంటూ అంటూ ఆమె ఠక్కున ఆగిపోయింది. కంపు లేదు.

"నాన్నా... నాకూ రావట్లేదు."

ఆ గొంతులో ఏం వినబడిందో ఏమో, ఆయన ఆమె వెంట గేటు దాకా పరుగెత్తాడు. రోడ్డు పక్కన ఆమె వాంతి చేసుకుంది.

నాన్న మానేసినా ఆ మెట్లు ఖాళీగా ఉండవు, ఇంకెవరో దిగుతారు. ఆ ఆలోచన ఆమెను నిలవనివ్వలేదు. అలాగని ఆయన్ని ఆ బావికి వదిలిపెట్టి వెళ్లే ధైర్యమూ చాల్లేదు. చివరికి భయపడుతూనే కంపెనీకి రానని చెప్పి, పైచదువుకే వెళ్తానంది. అమ్మ మాట్లాడ్డం మానేసింది. నాన్న మాత్రం చేతిలో చెయ్యేసి, "గ్యాసు మీటరు లేకుండా దిగను, సరేనా?" అన్నాడు.

కొత్త ఊళ్లో ఆమెకు మధ్యాహ్నమంటే హడలు. సొంతూళ్లో పంపు ఆపి నాన్న బావిలోకి దిగే వేళ అదే. రోజూ క్లాసులోంచి వరండాలోకొచ్చి ఫోన్ చేసేది. "దిగావా?" "దిగలేదు తల్లీ."

ఒకరోజు అదే ప్రశ్న అడిగితే అదే జవాబొచ్చింది. కానీ ఆ జవాబు గోడలకు కొట్టుకుని మళ్లీ వినబడింది. దిగలేదు తల్లీ. ఆయన బావిలోంచి మాట్లాడుతున్నాడు.

"మీటరేది నాన్నా?"

"బ్యాటరీ అయిపోయిందే. ఒక్క నిమిషం పనే కదా అని..."

"వాసన వస్తోందా?"

ఆయన ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. "లేదే."

"పైకి రా. ఫోన్ జేబులో వేసుకుని, మాట్లాడుతూ ఎక్కు."

"ఏం మాట్లాడనే?"

"ఏదో ఒకటి. నన్ను తిట్టు."

ఆయన తిట్టడం మొదలుపెట్టాడు. మొండిఘటమన్నాడు, చెప్పిన మాట వినదన్నాడు, అచ్చం తల్లి పోలికన్నాడు. మెట్టుకో మాట చొప్పున, రొప్పుతూ. ప్రతి తిట్టూ బావిలో రెండుసార్లు మోగుతోంది. ఎప్పుడు ఒక్కసారే వినబడుతుందా అని ఆమె ఫోన్ చెవికి అదిమిపట్టుకుని నిలబడింది.